డాన్సుకు లైసెన్సు ఎత్తేస్తే ఎలాగండీ?

స్వీడన్ ప్రభుత్వం ఎంత పని చేసిందో చూశారా? బార్లోనో రెస్టారెంట్లోనో జనం డాన్సు చేయాలంటే యజమాని ముందే లైసెన్సు తీసుకోవాలన్న రూలు ఆ దేశంలో దశాబ్దాల పాటు చక్కగా నడిచింది. 2023 జులైలో దాన్ని కాస్తా ఎత్తేశారు. ఇప్పుడు పోలీసులకు ఒక మాట చెబితే చాలట!

అసలు డాన్సు ఎంత ప్రమాదకరంగా మొదలవుతుందో ఎవరైనా గమనించారా? పెద్దమనిషి బుద్ధిగా కుర్చీలో కూర్చుని ఉంటాడు, పాట మొదలవగానే బూటు లోపల బొటనవేలు కదులుతుంది, దాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ పట్టుకోలేడు. తర్వాత మడమ, ఆపైన మోకాలు. మెడ ఊగినా "మీరు చెప్పింది నిజమే అంటున్నానండీ" అని తప్పించుకోవచ్చు. భుజాలు కూడా కలిశాయంటే మాత్రం ఇక వ్యవహారం చేయి దాటినట్టే. నేరం ఏ కీలు దగ్గర మొదలవుతుందో తేల్చడానికి ఒక ఎముకల డాక్టరుతో కమిటీ వేసి ఉంటే సరిపోయేది, చట్టమే ఎత్తేయాలా?

లైసెన్సు లేని బార్లలో డాన్సు కూడదంటూ 1926లో తెచ్చిన క్యాబరే చట్టాన్ని న్యూయార్క్ 2017 దాకా కాపాడుకుంది. జపాన్ 1948 నాటి చట్టం పట్టుకుని అర్ధరాత్రి దాటాక క్లబ్బుల్లో డాన్సు కుదరదంది. అంటే పదకొండు యాభై తొమ్మిదికి కళ, రెండు నిమిషాలు గడిస్తే నేరం. ఇంత స్పష్టత ఉన్న చట్టాన్ని కూడా 2015లో సడలించేశారు. ఇలాంటి చట్టాలు రాసినవాళ్లంతా ఆడలేక మద్దెల ఓడనే బాపతని గిట్టనివాళ్లు అంటుంటారు. నాకూ డాన్సు రాదు, కానీ నా అభిప్రాయానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మెతకగా ఉంటే ఏమవుతుందో 1518లో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరం చూసింది. వీధిలో ఒకావిడ ఆడటం మొదలుపెట్టింది, చూస్తుండగానే అది ఊళ్లో జనానికి అంటుకుంది. ఒంట్లో రక్తం వేడెక్కింది, ఆడితేనే తగ్గుతుందని వైద్యులు చెబితే నగర పెద్దలు హాళ్లు ఖాళీ చేయించి, వాయిద్యగాళ్లను కూడా పెట్టించారు. పిచ్చి ఇంకా పెరిగింది. చివరికి నిషేధమే దిక్కయింది.

పక్షులకూ భయం లేదు. స్నోబాల్ అనే కాకటూ (చిలుక జాతి పక్షి) పాట వేగం మారితే తన ఊపు కూడా మారుస్తుందని 2009లో పరిశోధకులు తేల్చారు, 2019కి దాని ఖాతాలో 14 రకాల కదలికలు లెక్కతేలాయి. దాని మీద ఇంతవరకూ ఒక్క నోటీసు లేదు.

అందుకే నా సూచన. ఎవరో ఆడించినట్టల్లా ఆడేవాళ్లకు ఏ అనుమతీ వద్దు, ఆఫీసుల్లో అది రోజూ ప్రశాంతంగా జరిగిపోతూనే ఉంది. ఎవరూ చెప్పకుండా సొంతంగా ఆడేవాళ్లు మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి కదలకుండా దిగిన ఫొటోలు రెండు జతచేయాలి.