మందుకి డబ్బులిస్తారు, టెస్ట్‌కి ఎందుకు ఇవ్వరు?

లంగ్ క్యాన్సర్‌కి వాడే గెఫిటినిబ్ ట్యాబ్లెట్ మీద ఐపాస్ అనే ట్రయల్ జరిగింది, రిజల్ట్స్ 2009లో బయటికొచ్చాయి. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు (మ్యుటేషన్) ఉన్నవాళ్లలో 71 శాతం మందికి కణితి బాగా తగ్గింది, మ్యుటేషన్ లేనివాళ్లలో 1 శాతం మందికే. అదే జబ్బు, అదే ట్యాబ్లెట్, ఎవరికి పనిచేస్తుందో చెప్పేది బయోమార్కర్ టెస్టే, అంటే కణితిలో ఇలాంటి గుర్తుల్ని వెతికే పరీక్ష. అలాంటిది నెలనెలా ఖరీదైన మందుకి బిల్లు కట్టే ఇన్సూరెన్స్ కంపెనీ ఈ టెస్ట్ దగ్గరికొచ్చేసరికి కొర్రీలు పెడుతుంటే నాకు అస్సలు మింగుడుపడదు.

టెస్ట్‌కి ఇన్సూరెన్స్ అప్రూవల్ కొంచెం లేటైతే ఏముందిలే అనుకోడానికి లేదు. జబ్బు ముదిరిన పేషెంట్‌ని డాక్టర్ ఎన్నాళ్లని ఆపుతారు, కొన్నిసార్లు రిపోర్ట్ రాకముందే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే మందు) మొదలైపోతుంది, తర్వాత ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అని తేలి ఆ మ్యుటేషన్ మీద పనిచేసే ఒసిమెర్టినిబ్ అనే ట్యాబ్లెట్‌కి మారిస్తే అప్పటికే ఒంట్లో ఉన్న ఇమ్యునోథెరపీ వల్ల ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే రిస్క్ పెరుగుతుంది. ఇంకోటి, ముందు ఒక్కో జీన్‌కి విడిగా టెస్ట్ చేయించండి, చాలా జీన్లని ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ తర్వాత చూద్దాం అని ఇన్సూరెన్స్ వాళ్లు పెట్టే రూల్. బయాప్సీలో వచ్చేదే చిన్న ముక్క, రెండు మూడు టెస్టులకే అది అయిపోతే మళ్లీ సూది గుచ్చించుకోవాల్సింది పేషెంటే కదా.

మార్కెట్లో ఉన్న ప్రతి టెస్ట్‌కీ డబ్బులివ్వలేం అంటారు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ రుజువైనవాటి సంగతేంటి? బ్రెస్ట్ క్యాన్సర్‌లో 2018లో వచ్చిన టైలర్‌ఎక్స్ ట్రయల్ చూడండి, హార్మోన్ రకం క్యాన్సర్ ఉండి, లింఫ్ గ్రంథులకి పాకకుండా, క్యాన్సర్ తిరగబెట్టే రిస్క్‌ని అంచనా వేసే 21 జీన్ల టెస్ట్‌లో మధ్యరకం స్కోర్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా 50 దాటినవాళ్లకి, కీమో కలిపినా అదనంగా ఒరిగిందేం లేదు. అంటే ఆ టెస్ట్ కీమో బాధా తప్పిస్తుంది, ఖర్చూ తప్పిస్తుంది.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం 2021లో బయోమార్కర్ టెస్టుల కవరేజ్ మీద చట్టం తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన లేబుల్లోనో, గుర్తింపున్న గైడ్‌లైన్స్‌లోనో ఆధారం ఉన్న టెస్టులకి కవరేజ్ ఇవ్వాలన్నది వీటిలో ముఖ్యమైన షరతు, అన్ని టెస్టులకీ ఇచ్చేయమని కాదు. చిక్కు ఎక్కడంటే, అక్కడ కంపెనీ ద్వారా ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగుల్లో సగానికి పైగా కంపెనీలే సొంత డబ్బుతో నడిపే ప్లాన్లలో ఉన్నారు, వాటికి రాష్ట్ర చట్టాలు వర్తించవు. ఒకే వీధిలో, ఒకే జబ్బుతో ఉన్న ఇద్దరిలో ఒకరికి టెస్ట్ ఫ్రీగా అయిపోయి ఇంకొకరికి రిజెక్షన్ లెటర్ రావచ్చు, కాబట్టి ఫెడరల్ చట్టం వచ్చేదాకా ఈ పని సగంలో ఉన్నట్టే.