‘మనవాళ్ళకి నిలకడ లేదు’ అని మస్టరు (హాజరు పట్టీ) ఎప్పుడూ చెప్పలేదు

పైడిభీమవరం నుంచి బొబ్బిలి దాకా ఫ్యాక్టరీల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది: "శ్రీకాకుళం, విజయనగరం లేబర్‌కి నిలకడ లేదు, మస్టరే సాక్ష్యం. వేలిముద్ర మెషీన్ పెట్టండి, బయట రాష్ట్రాల వాళ్ళని దింపండి. పని బాగోలేదనడానికీ లేదు, సర్వేలో అందరూ బాగుందనే రాశారు."

మస్టరు సంగతి ముందు. నూరుమంది, నెలకి 26 పనిదినాలు అంటే 2600 హాజర్లు. వాటిలో 208 పడలేదనుకుందాం. 8 శాతం అని తేల్చేసి ఊరందరినీ తిట్టేస్తారు. అవే 208ని లైన్ల వారీగా విడదీయండి. 15 మంది ఉన్న ఒక్క లైనులోనే 90 ఉంటే అక్కడ గైర్హాజరు 23 శాతం, మిగతా 85 మందిలో 5.3. అలాంటప్పుడు చూడాల్సింది ఆ లైనులో వేడి ఎంత, మేస్త్రీ తీరేమిటి, షిఫ్టు దిగే వేళకి ఊరికి బస్సుందా అని. తరవాత తేదీలు. వానాకాలం ఉభాలు (వరి నాట్లు), నవంబరు, డిసెంబరు కోతలు, దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమాను. ముందే తెలిసిన రోజులకి మనుషుల్ని సర్దుకోని వాడు నిలకడ గురించి మాట్లాడకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వారానికి అవే రెండు మూడు రోజులు రాని మనిషుంటే ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతోందేమో నెమ్మదిగా అడగాలి. షిఫ్టు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కారణం మాత్రం రిపోర్టుకి ఎక్కకూడదు.

అన్నట్టు, మరీ బాగున్న హాజరునీ అనుమానించాలి. ఈఎస్ఐ జబ్బు భృతి సాధారణంగా మొదటి రెండు రోజులకి రాదు, ఆ తరవాత జీతంలో 70 శాతమే. జ్వరంతోనే పనిలోకి వచ్చేవాళ్ళు అందుకే ఉంటారు.

వేలిముద్ర మెషీన్ పలాస జీడి పరిశ్రమలో మొదటి వారంలోనే తడబడుతుంది. పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళకి జీడి నూనె తగిలి చర్మం ఊడుతుంది, గీతలు చెరుగుతాయి. మెషీన్ ముద్ర తీసుకోదు, ఆ రోజు గైర్హాజరు పడుతుంది. అదే రోజు కిలోల పుస్తకం తీస్తే ఆవిడ కొట్టిన పిక్క లెక్క ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మెషీన్ తిప్పికొట్టిన ముద్రలు ఏ విభాగంలో ఎక్కువో, అక్కడ తొడుగులూ, నూనె అంటకుండా చేతులకి రాసుకునే ఆముదమూ చాలట్లేదన్నమాట. హాజరుకి కార్డు ఇవ్వండి.

బయటివాళ్ళు మానరన్నది సగం లెక్క. వాళ్ళు కాంపౌండులోనే గదుల్లో ఉంటారు, మనవాళ్ళు 30 కిలోమీటర్లు బస్సెక్కి రావాలి. పైగా కాంట్రాక్టరు మనిషి మానేస్తే మర్నాడు ఇంకో పేరు ఎక్కుతుంది, హాజరు తగ్గినట్టే కనపడదు. కాంట్రాక్టరు పీఎఫ్ జాబితాలో పేర్లు నెలనెలా పోల్చండి. ఏడాదిలో మానేసినవాళ్ళని సగటు సంఖ్యతో భాగిస్తే, నూటికి 60 మంది మారిన చోట కూడా హాజరు 97 శాతం ఉండొచ్చని తెలుస్తుంది.

ఇక సర్వే. మేస్త్రీ చేతి మీదుగా, టోకెన్ నంబరుతో వచ్చిన ఫారంలో "బాగుంది" తప్ప ఏం రాస్తారు? పేరు అక్కర్లేకుండా ఐదు ప్రశ్నలు చాలు. చదవలేని వాళ్ళకి బయటి మనిషి చదివి వినిపించాలి. పదిమంది లోపున్న విభాగం ఫలితాన్ని విడిగా చూపితే ఎవరన్నారో తెలిసిపోతుంది, పక్క విభాగంతో కలిపేయండి. రెండు వారాల్లో ఫలితం నోటీసు బోర్డెక్కాలి, దానితోపాటు మరుగుదొడ్డి తలుపో, రాత్రి బస్సో, ఒక్కటైనా బాగుపడాలి. లేకపోతే రెండోసారి ఫారాలు ఖాళీగా వస్తాయి.