మైకు మహా మంచిది

ఎంసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు వస్తే వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ కొనిపెడతానని మా ఆవిడ మావాడికి మాటిచ్చింది. ర్యాంకు వచ్చింది. అది చెప్పుకోదగ్గదా కాదా అన్న విషయం మీద ఇంట్లో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. డబ్బులు కట్టే వర్గంలో మాత్రం నేనొక్కడినే.

నాది ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ కొట్టు. ఒక పక్క బాడీ కట్టే షెడ్డు, ఎదురుగా లేత్ మిషన్, పొద్దున్నుంచీ రేకుల మీద సుత్తి దెబ్బలు. అంత మోతలోనూ రాజమండ్రి పార్టీకి ఫోన్ చేసి పాత బాకీ రాబట్టుకునే గొంతు నాది. అలాంటివాడికి, తలుపేసుకుని ఏసీలో కూర్చుని ఆడుకునే కుర్రాడికి మంచి మైకెందుకో బోధపడలేదు.

"కాస్త గట్టిగా మాట్లాడరాదుట్రా?" అన్నాను.

"గట్టిగా మాట్లాడితే అమ్మమ్మకి వినపడుద్ది నాన్నా, స్క్వాడ్‌కి కాదు" అన్నాడు.

స్క్వాడ్ అంటే నలుగురు. మావాడు, గుంటూరు కుర్రాడొకడు, ఖమ్మం కుర్రాడొకడు, నాలుగోవాడు సైలెంట్ కిల్లర్. నలుగురూ తలా ఒక ఊళ్లో కూర్చుని డిస్కార్డ్ అనే యాప్‌లో మాట్లాడుకుంటూ, తుపాకులు పట్టుకుని, ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లని చంపుతూ ఉంటారు. ఆ నాలుగోవాడి అసలు పేరేమిటో మావాడికీ తెలియదు. వాడి మైకు గురగురమంటుంది, చెప్పినదాంట్లో సగం కూడా వినపడదు. అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది.

గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లాం. 5,000 దగ్గర మొదలుపెట్టి 30,000 పైదాకా బల్ల మీద పరిచాడు. కొన్నిటికి చెవుల దగ్గర రంగురంగుల లైట్లు వెలుగుతున్నాయి. పెట్టుకున్నవాడికి ఎలాగూ కనపడవు, ఒంటరిగా గదిలో ఆడుకునేవాణ్ణి చూసేదీ ఎవరూ లేరు. ఆ లైట్లు ఎవరి కోసమో నాకు ఇప్పటికీ తేలలేదు.

"బ్లూటూత్‌వి ఇంట్లో ఉన్నాయి కదరా, మళ్లీ ఇదెందుకు?" అని చివరి ప్రయత్నంగా అడిగాను. మావాడు షాపులోనే క్లాసు పీకాడు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో ఆలస్యంగా వస్తుందట. పాటలకి ఫరవాలేదు. ఆటలో మాత్రం మెరుపు ముందూ ఉరుము వెనకా అయిపోతుందట. "వాడి అడుగుల చప్పుడు నాకు వినపడేసరికి నేను చచ్చి ఉంటా" అన్నాడు. పైగా మైకు ఆన్ చెయ్యగానే మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది. వచ్చే శబ్దం, పోయే శబ్దం రెండూ బాగుండేంత చోటు అందులో లేదు. స్టీరియో పోతుంది, శత్రువు ఎడమ పక్కనున్నాడో కుడి పక్కనున్నాడో తెలియదు. అందుకని 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నదే కావాలి. అది కంప్యూటర్‌కి గుచ్చుకుంటే ఆలస్యం తెలియనంతగా తగ్గుతుంది, మైకు పనిచేస్తున్నా శబ్దం పాడవదు. ఈ శ్రద్ధ ఫిజిక్స్ మీద పెట్టి ఉంటే ర్యాంకు గురించి రెండు వర్గాలు ఉండేవి కావు.

"నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఉంది సార్" అన్నాడు షాపు కుర్రాడు.

"ఎవరికి?" అన్నాడు మావాడు.

షాపు కుర్రాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. విషయమేమిటంటే అందులో రెండు రకాలున్నాయి. ఒకటి బయటి గోల మన చెవిన పడకుండా చేసేది. రెండోది మన ఇంటి గోల మైకులోంచి అవతలివాళ్లకి వెళ్లకుండా ఆపేది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది తరచుగా మొదటిదే. కుక్కర్ విజిల్, మిక్సీ, "టమాటా టమాటా" అంటూ తోపుడు బండి మీద రికార్డు, వీటన్నిటి మధ్య బతికే బెజవాడ ఇంటికి కావలసింది రెండోది.

చివరికి నోటి ముందుకి వంగే బూమ్ మైకు ఉన్న రకం తీసుకున్నాం. నోటికి రెండు వేళ్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కగా పెట్టుకుంటే అది ముందునుంచి వచ్చే మాట బాగా పట్టుకుంటుంది, వెనకాల నుంచి వచ్చేది తగ్గించేస్తుంది. అన్నం తినేటప్పుడు అడ్డమైతే పీకి పక్కన పెట్టుకోవచ్చు. పీకేస్తే ఏమవుతుందో పెట్టె వెనకాల బాగా చిన్న అక్షరాల్లో రాశారు. చెవి కప్పుల్లో దాగిన మరో రెండు మైకులు వాటంతట అవే డ్యూటీ ఎక్కుతాయట. ఆ సంగతి మేము తరవాత భూతద్దం పెట్టి చదువుకున్నాం.

9,000 చిల్లర చెప్పాడు. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. ఒక్క రూపాయి తగ్గించలేదు గానీ, మౌస్ ప్యాడ్ ఒకటి ఊరికే ఇచ్చాడు.

మొదట్లో చిన్న చిన్న చిక్కులు వచ్చాయి. మా ఆవిడ మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడి పెట్టినప్పుడల్లా మావాడి మాట ముక్కలు ముక్కలుగా వెళ్లేది. ఓవెన్ పనిచేసేదీ ఇంచుమించు ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతోనే. మా పాత ఓవెన్ తలుపు సందుల్లోంచి వచ్చే కాస్త చాలు, మాట తెగడానికి. "అమ్మ అన్నం వేడి పెట్టింది, అందుకే ఓడిపోయాం" అని మావాడు స్నేహితులకి సంజాయిషీ చెప్పుకుంటుంటే మా అత్తగారు పూజ గదిలోంచి విని, "చల్లన్నం తిని చంపుకోమను" అంది. డాంగిల్‌ని కంప్యూటర్ వెనకాల హార్డ్ డిస్క్ పక్కనుంచి పీకి, చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చాక గొడవ సద్దుమణిగింది. యూఎస్‌బీ 3.0 పోర్టుకి హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే అది కూడా ఈ సిగ్నల్‌ని చెడగొడుతుందట. ఆటోనగర్‌లోనే అనుకున్నాను, పక్కవాడి పని చెడగొట్టేవాళ్లు కంప్యూటర్‌లోనూ ఉన్నారు.

ఇక్కడ మా ఆవిడ చెల్లెలి కూతురి సంబంధం గురించి చెప్పాలి. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, పిల్లాడిది తెనాలి. మధ్యలో ఉన్నాం కదా అని పెళ్లిచూపులు మా ఇంట్లో పెట్టారు. మావాడు ఆ రోజు గది తలుపు తియ్యలేదు. మా ఆవిడ సిగ్గుపడుతూ "ఏదో ఆట ఆడుకుంటున్నాడండీ" అంటే, పిల్లాడి తల్లి కూడా "మా చిన్నాడూ అంతే వదినగారూ, రమ్మంటే రాలేదు, అదే ఆట" అని నిట్టూర్చింది. ఇద్దరికీ అక్కడ బాగా కలిసింది. సంబంధం ఖాయమైంది.

ఆదివారం సాయంత్రం. మా ఆవిడ పునుగులు వేసింది. మావాడు ఆటలోంచి లేచి, పచ్చడి అంటుతుందని బూమ్ పీకి జేబులో పెట్టుకుని, హెడ్‌సెట్ మెడలో వేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చాడు. నాలుగు తిన్నాడో లేదో, మోటారు ఆపేసి ట్యాంకు నిండిందో లేదో చూసి రమ్మని వాళ్లమ్మ మేడ మీదికి తోలింది. వాడు హెడ్‌సెట్ తీసి పునుగుల పళ్లెం పక్కన పెట్టి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడు మా అత్తగారు తెనాలి వాళ్ల ప్రస్తావన తెచ్చింది.

"పిల్లాడు బంగారమే. ఆ తల్లే... ఉప్మాలో జీడిపప్పులు లెక్కపెట్టుకుంటూ తినే మనిషిని నా జన్మలో చూళ్లేదు."

"మంగళగిరి పట్టని చెప్పింది గానీ అమ్మా, ఆ చీర మంగళగిరి బస్టాండు మొహం కూడా చూసుండదు" అంది మా ఆవిడ.

"ఆ పెద్దమనిషి పాపం నోరు తెరిచాడా? తెరవనిస్తేగా!"

నేను పునుగుల మీద ఉన్నాను. ఎక్కడో సన్నగా "ఆంటీ... ఆంటీ..." అని వినపడుతోంది. మా అత్తగారు చెవి ఒగ్గి విని, "దోమలొచ్చేశాయి, ఆ బ్యాట్ ఇలా ఇయ్యి" అంది. బ్యాట్ అందుకుని టేబుల్ మీద ఓసారి ఝళిపించి, కట్నం లేదంటూనే కారు రంగు అడిగిన వైనం ఎత్తుకుంది. "ఆంటీ" అన్న దోమ ఆ తరవాత నోరెత్తలేదు.

మావాడు దిగొచ్చి హెడ్‌సెట్ చెవికి పెట్టుకున్నాడు. రంగు మారింది. గుంటూరు కుర్రాడు నవ్వాపుకోలేక పొలమారి దగ్గుతున్నాడట. ఖమ్మం కుర్రాడు కారుది చివరికి ఏ రంగని అడుగుతున్నాడట. సైలెంట్ కిల్లర్ ఆటలోంచి వెళ్లిపోయాడట.

"వాడిది తెనాలి అమ్మా" అన్నాడు మావాడు. "వాళ్లన్నయ్యకి ఏదో సెట్టయిందని మొన్న చెప్పాడు. సగమే వినపడింది."

ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప మరేం లేదు. ముందుగా తేరుకున్నది మా అత్తగారే. "నేనేమన్నాను? ఉన్నమాటేగా!" అంది. మా ఆవిడ హెడ్‌సెట్‌ని రెండు వేళ్లతో ఎత్తి, బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసింది. అప్పటికీ దాన్ని ఎవరూ ఆఫ్ చెయ్యలేదు.

రాత్రి తొమ్మిదికి తెనాలి నుంచి ఫోన్. మా ఆవిడ చేతులు వణుకుతూ ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

"వదినగారూ, భోజనాలయ్యాయా?"

"ఆ... అయ్యాయండీ, మీవి?"

"అయ్యాయి. మా చిన్నాడు అంతా చెప్పాడు లెండి. ఆ చీర మంగళగిరిదే. బిల్లుంది, కావాలంటే వాట్సాప్‌లో పెడతాను."

మా ఆవిడ నోట మాట లేదు.

"జీడిపప్పులు లెక్కపెట్టిన మాట నిజమే. నాకు మూడొచ్చాయి, మా మరిదికి పదకొండు. ఎవరికైనా ఉండదా బాధ?"

"అయ్యో వదినగారూ, అదేదో మాట వరసకి..."

"భలేవారే, మీరేం పెట్టుకోకండి. ఆ రోజు ఇంటికొచ్చి మేము మీ గురించి అనుకున్నవి ఇంతకి నాలుగింతలు. మావాడిది డొక్కు మైకు కాబట్టి మీవాడిదాకా రాలేదు."

మా ఆవిడ మొహంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. "ఏమనుకున్నారేంటి వదినగారూ?" అంటూ స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకుని బాల్కనీలోకి నడిచింది.

"స్పీకర్ తియ్యకే!" అని కేకేస్తూ మా అత్తగారు వెంటపడింది.