మహారాజశ్రీ ఎంఎంటీఎస్ రైలు గారి సముఖమునకు

మహారాజశ్రీ ఎంఎంటీఎస్ రైలు గారికి, హైదరాబాదు నగరంలో లింగంపల్లి మొదలు ఫలక్‌నుమా దాకా ప్లాట్‌ఫారాల అంచున నిలబడి మెడలు చాచి చూసే ప్రయాణికులందరి తరఫున నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. మీరు ఏ సిగ్నల్ దగ్గర ఉన్నారో అక్కడ క్షేమంగానే ఉన్నారని తలుస్తాము.

ముందుగా మీ పేరు సంగతి. మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్ అని మీకు నామకరణం చేసిన పెద్దల ఉద్దేశం, రైలు దిగినవాడు ఆ పక్కనే బస్సెక్కాలని, బస్సు దిగినవాడు మీ పెట్టె ఎక్కాలని, మధ్యలో ఎవడూ దిక్కులు చూడకూడదని. ఇప్పుడు బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, మలక్‌పేట పేర్లతో మీకొక స్టేషను, మెట్రోకొక స్టేషను ఉన్నాయి. పేరు ఒకటే గాని మెట్లు వేరు, టికెట్లు వేరు. దాయాదుల ఇళ్లలాగా ఎవరి గుమ్మం వారిదే. హైటెక్ సిటీ అని బోర్డున్న మీ స్టేషనులో దిగిన కొత్తవాడు ఆ ఐటీ పేటలోని సైబర్ టవర్స్ భవనం ఎటని అడిగితే, పక్కనున్న పెద్దమనిషి నోరు విప్పకుండా ఆటోల వైపు చెయ్యి చూపిస్తాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెత మాకూ తెలుసు, కానీ లేఖలో రాయడం మర్యాద కాదు గనుక రాయడం లేదు.

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ జెండా ఊపగా మీరు పుట్టారు. రైల్వేవారు సగం, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సగం ఖర్చు పెట్టుకున్నారు. అయితే మీరు కాపురం పెట్టింది సొంత ఇంట్లో కాదు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1874లో, నిజాం రాజ్యాన్ని బొంబాయి దారితో కలపడానికి వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు వేసిన మార్గమే ఈనాటికీ మీ లింగంపల్లి దారి. నాంపల్లి స్టేషను 1907 నాటిది, కాచిగూడ స్టేషను 1916 నాటిది. ఆ తాతల నాటి ఇంట్లో దూరపు ఊళ్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు, ప్యాసింజర్లు అన్నీ ఉమ్మడిగా ఉంటాయి, మీరేమో అందులో చిన్న కోడలు. ఢిల్లీ నుంచి ఆలస్యంగా వచ్చిన బావగారికి, ముంబై నుంచి వచ్చిన మరిదిగారికి వడ్డన అయ్యాకే మీకు విస్తరి పడుతుంది. అందాకా మీరు సిగ్నల్ దగ్గర తల వంచుకుని నిలబడతారు, మీ కడుపులో ఉన్న మేము మా ఆఫీసు హాజరు పట్టీని తలచుకుంటాము. మీ ఆలస్యానికి సోమరితనం కారణమని లోకం అంటుంది గాని, మీకంటూ ఒక జత పట్టాలు ముందే వేసి ఉంటే మీ నడత వేరుగా ఉండేదని మా నమ్మకం.

మీ పెట్టెల్లో మాకు గడియారం అక్కర్లేదు. కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు ముక్కుతోనే స్టేషను చెప్పేస్తారు. హుస్సేన్‌సాగర్ వాసన గుప్పుమంటే చాలు, నెక్లెస్ రోడ్డు రాబోతోందని సంచులు సర్దుకుంటారు. ఆ వాసనలోనే ఎదుటి సీటులో ఒక పూలమ్మి మల్లెలు మూరలు కడుతూ, దారాన్ని పంటితో తెంపుతూ ఉంటుంది. ఆమె రోజు లెక్కలో మీ 5 రూపాయల టికెట్ ఇముడుతుంది. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు దాని కనీస చార్జీయే 10 రూపాయలు. మీ రెండో తరగతిలో ఎంత దూరం పోయినా 15 దాటదు. ఇంత చవగ్గా ఉండటమే మీ నేరమేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. కరోనా నాడు అన్నీ ఆగాయి, మెట్రో కూడా ఆగింది. కానీ మెట్రో 2020 సెప్టెంబరులోనే మళ్లీ తిరిగింది, మీరు మాత్రం 2020 మార్చిలో పడుకుని 2021 జూన్ 23న లేచారు. పడుకోబోయే ముందు రోజుకు 121 ట్రిప్పులు, లేచాక 10. పదిహేను నెలల నిద్ర కుంభకర్ణుడికి కూడా ఎక్కువే. ఆ పదిహేను నెలలూ కాలనీల్లో ఇళ్లు తుడిచేవారు, కొట్లలో పనిచేసేవారు పనికి ఎలా వెళ్లారన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇక మీ రెండో దశ. 2012–13లో మంజూరై, దాదాపు 817 కోట్ల రూపాయల అంచనాతో మొదలైంది. ఈసారి పంపకం మారి, రాష్ట్రానికి మూడింట రెండు వంతులు, రైల్వేకు ఒక వంతు వచ్చింది. తరవాత రాష్ట్రమే రెండైంది, అంచనా పెరిగింది, ఎవరి వాటా ఎవరివ్వాలన్న ఉత్తరాలు మాత్రం వేళ తప్పకుండా నడిచాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. మీరు చావలేదు, అందుకు సంతోషం. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు, ఉందానగర్‌కు, 2024 మార్చిలో మౌలాలి మీదుగా ఘట్‌కేసర్‌కు చేరారు. శంషాబాద్ విమానాశ్రయం దాకా వస్తారని విన్నాము. ఉందానగర్‌లోనే ఆగి విమానాలు ఎగరడం చూస్తున్నారు.

ఈ లేఖను రైల్వేవారి కార్యాలయమైన రైల్ నిలయానికి పంపాలా, సచివాలయానికి పంపాలా అన్నది ఎంతకూ తేలలేదు. కవరు మీద రెండు చిరునామాలూ రాసి, మీ కనీస చార్జీ ఎంతో అంతకు, 5 రూపాయల స్టాంపు అంటించాము. అందులో మూడు రూపాయల ముప్పై మూడు పైసలు రాష్ట్రం వాటా, మిగిలింది రైల్వే వాటా. తేల్చుకుని పంపగలరు.

ఇట్లు,
రెండో తరగతి సీజన్ టికెట్టుదారులు