స్వేదనజలం 7 చూపించకపోతే తప్పెవరిది?

ద్రవం తగిలితే రంగు మారి, అది ఆమ్లమో క్షారమో అంకెలో చెప్పే పీహెచ్ పేపర్ (7 అయితే తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) మీద నాకేం కోపం లేదు. కోపమంతా రంగు తేలకముందే జవాబు రాసేసుకునే మన అలవాటు మీద.

బడిలో ప్రాక్టికల్ రోజు స్వేదనజలంలో ముంచితే నా కాగితం ముక్క ఆకుపచ్చ రాలేదు, పసుపు దగ్గరే ఆగిపోయింది. చార్టు పక్కన పెట్టి రెండుసార్లు చూసి రికార్డులో 6 అని రాశాను. మాస్టారు ఎర్ర ఇంకుతో దాన్ని కొట్టేసి 7 వేశారు, పైగా "నీళ్లు తటస్థమని కూడా తెలీదా" అని అందరి ముందూ చీవాట్లు. పక్కవాడేమో కాగితం తడపకుండానే 7 వేసుకుని ఫుల్ మార్కులు కొట్టేశాడు.

సంగతేంటో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. మూత తీసి పెట్టిన స్వేదనజలం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, అది కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ మెల్లగా 5.6 దాకా దిగొచ్చు. 25 డిగ్రీల దగ్గర 7 అనే మాట గాలి తగలని స్వచ్ఛమైన నీటికే. అలాగని నా 6 పక్కా అనుకోకండి. ఏమీ కలవని నీటిలో కాగితం మీది రంగు పదార్థమే రీడింగ్‌ని అటూ ఇటూ లాగేస్తుంది. అంటే ఈ పరీక్షకి అన్నిటికంటే పనికిరాని ద్రవం స్వేదనజలమే, మనం మొదలుపెట్టేది దాంతోనే!

ఇంకో చిరాకు, "ఒక్క అంకె తేడాయే కదా" అనేవాళ్లు. 1909లో కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త పెట్టిన ఈ పీహెచ్ కొలతలో ఒక్క మెట్టు అంటే పది రెట్లు. 2 చూపించే నిమ్మరసానికీ 3 చూపించే వెనిగర్‌కీ హైడ్రోజన్ అయాన్ల గాఢతలో తేడా పదింతలు. పాలు 6.6 దగ్గర ఉంటాయి, అంటే కాస్త ఆమ్లమే, అది కూడా చాలామంది నమ్మరు.

చేసేటప్పుడైనా సరిగ్గా చేయండి బాబూ. ముక్కని సీసాలో ముంచకుండా గాజు కడ్డీతో ఒక్క చుక్క పెట్టండి, తడి చేత్తో పట్టుకోవద్దు, ఆరిపోకముందే చార్టుతో పోల్చండి. కాఫీ, కోలా లాంటివైతే వాటి రంగే కాగితానికి అంటుకుంటుంది, కాబట్టి చుక్క పడనిచోట తడి పాకిన అంచు చూడాలి. బ్లీచ్ అయితే మరీ ఘోరం, ముందు నీలం తేలి, చూస్తుండగానే తెల్లబడిపోతుంది. (వెనిగర్ పరీక్షించిన గిన్నెలో బ్లీచ్ పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊరికే భయపెట్టడం కాదు, నిజంగా ప్రమాదం.)

ఆ తెల్లబడ్డ ముక్క పట్టుకుని రికార్డు తెరిస్తే అందులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ గడులే ఉంటాయి. "రంగు వచ్చి పోయింది" అని రాయడానికి చోటే ఉండదు.