కాలి బొటనవేళ్లు అందకపోతే యోగా రానట్టేనా?

"నా ఒళ్లు గట్టిదండీ, యోగా నావల్ల కాదు." "ఈ వయసులో ఆ మెలికలన్నీ ఎక్కడ తిరగమంటారు?" ఈ మాటలు అనేవాళ్లలో చాలామంది చాప వేసి నాలుగు రోజులు చేసి విసిగినవాళ్లు కారు. ఫోన్‌లో యోగా వీడియోలు చూసి, అక్కడికక్కడే తమ ఒంటిని తామే ఫెయిల్ చేసేసుకున్నవాళ్లు. నాకు బాధ, కోపం రెండూ ఇక్కడే.

కెమెరాకి దొరికేది ఆసనం ఆఖరి రూపం ఒక్కటే. ఊపిరి ఎప్పుడు వదిలారు, బరువు ఎక్కడ పడింది, అంతకుముందు ఎంతసేపు ఒళ్లు వేడెక్కించుకున్నారు, అందులోంచి ఎలా బయటికొచ్చారు, ఇవేవీ దొరకవు. పైగా కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులు. మోచెయ్యి వెనక్కి వంగిపోతుంది, బొటనవేలు ముంజేతిని తాకుతుంది. వాళ్లకి వంగడం కష్టమే కాదు. వాళ్లు సాధించాల్సింది కండబలం, నిలకడ. ఆ వదులు కీళ్లని చూసి ఇదే యోగా అనుకుని, పొద్దంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి పోటీకి దిగితే ఏమవుతుంది?

పశ్చిమోత్తానాసనం తీసుకోండి. రీల్‌లో మనిషి కాళ్లు చాపి, ఒక్క ఊపున నుదురు మోకాళ్లకి ఆనించి, అరిపాదాలు దాటించి చేతులు కలిపేస్తుంది. చూసేవాళ్ల కళ్లన్నీ వేళ్ల మీదే. పని జరగాల్సింది మాత్రం తుంటి దగ్గర. కటి ఎముక ముందుకి ఒరగాలి. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటే దాన్ని కదలనివ్వవు. అయినా వేళ్లు పట్టుకుని తీరాలని వంగితే ఆ వంపంతా నడుము పూసల మీద పడి, వీపు గూనిలా తిరుగుతుంది. డిస్క్ సమస్య ఉన్నవాళ్లకి ఇది ప్రమాదం.

దీనికి ఉపాయం ఇంట్లోనే ఉంది. దుప్పటి మడతపెట్టి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసి దాని అంచు మీద కూర్చోండి. పొట్ట తొడలకి తగిలేంత వరకూ మోకాళ్లు మడవండి. పాదాలకి తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకోండి. పీల్చినప్పుడు వెన్ను పైకి సాగాలి, వదిలినప్పుడు తుంటి దగ్గర నుంచి కొంచెం ఒరగాలి. అయిదారు శ్వాసలు చాలు. తొడ వెనక మధ్యభాగంలో లాగుతుంటే సరైన చోటే లాగుతోంది. పిర్ర కింద, మనం కూర్చునే ఎముక దగ్గర గుచ్చినట్టుంటే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) దెబ్బతింటూ ఉండొచ్చు. కాలి కిందికి జిల్లుమని పాకితే లాగుతున్నది నరం. రెండింటిలో ఏది వచ్చినా అక్కడితో ఆపేయాలి. దుప్పటి మీద మోకాళ్లు మడిచి చేసింది కూడా పశ్చిమోత్తానాసనమే, సగం ఆసనం కాదు.

పద్మాసనం సంగతీ అంతే. తొడ ఎముక బయటికి ఎంత తిరుగుతుందన్నది తుంటి గిన్నె లోతు, అందులో ఇమిడే తొడ ఎముక పైకొస (దాని మెడ) కోణం మీద కూడా ఆధారపడుతుంది. ఎముకకి ఎముక అడ్డుపడే చోట ఎన్నేళ్ల సాధన చేసినా లాభం లేదు. తుంటి తిరగకుండా పాదాన్ని చేత్తో లాగి తొడ మీద పెడితే ఆ మెలిక మోకాలు మోయాలి, మోకాలి లోపలివైపు మినిస్కస్ (దిండులాంటి మృదులాస్థి) చిరిగే ప్రమాదం అప్పుడే. హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చోండి, ధ్యానానికి ఏ లోటూ రాదు.

ఇక కపాలభాతి. తెలుగు వీడియోల్లో దీనికి జరిగినంత అన్యాయం మరి దేనికీ జరగలేదని నా అభిప్రాయం. "వారంలో పొట్ట మాయం" అని పైన రాసి, సెకనుకి రెండేసి చొప్పున ఆపకుండా అయిదొందలు చేయిస్తారు. పొట్ట కండరం ఆడించినంత మాత్రాన దాని మీది కొవ్వు అక్కడికక్కడే కరగదు. పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక దీన్ని షట్కర్మల్లో, అంటే శుద్ధి క్రియల్లో చెప్పింది. పద్ధతి తేలికే: పొత్తికడుపు లోపలికి కొట్టి గాలి ముక్కులోంచి బయటికి పంపాలి, పీల్చడం దానంతట అదే జరగాలి. కొత్తవాళ్లకి సెకనుకి ఒకటి చొప్పున 20, నిమిషం విరామం, అలా మూడు విడతలు. భుజాలు ఎగురుతున్నా, గాలిని బలవంతంగా పీలుస్తున్నా లయ తప్పినట్టే. తల తిరిగితే "శక్తి మేలుకుంటోంది" అని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. గాలి అతిగా ఆడటంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గింది, అంతే. ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. గర్భిణులు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు దీని జోలికి పోకూడదు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి పది సెకన్లు పట్టదు. అయినా ఎన్ని వీడియోల్లో వినపడుతోంది?

ఫలానా ముద్ర పట్టుకుంటే థైరాయిడ్ మాత్రలు అక్కర్లేదనే వాట్సాప్ వీడియోల గురించి ఒక్క మాటే. డాక్టర్‌ని అడక్కుండా మాత్ర ఆపకండి.

పతంజలి ఆసనానికి ఇచ్చిన నిర్వచనం మూడే ముక్కలు: స్థిరసుఖమాసనమ్. స్థిరంగా, సుఖంగా ఉండాలి. ఎంత వంగాలో అందులో లేదు. ఏటా జూన్ 21న, యోగా దినోత్సవం నాడు చేయించే ఉమ్మడి ప్రోటోకాల్ (అందరికీ ఒకటే ఆసనాల క్రమం) 45 నిమిషాలది. 2025లో విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది కలిసి చేసినప్పుడూ అదే. తాడాసనం, వృక్షాసనం, వజ్రాసనం, మకరాసనం లాంటివే అందులో ఉంటాయి, శీర్షాసనం లేదు. మామూలు మనుషుల కోసం కూర్చిన క్రమం అలా ఉంటుంది.

ఫోన్ అసలు చూడొద్దని నేను అనను. పల్లెలో గురువు దొరకని మనిషికి అదే దిక్కు కావచ్చు. కాకపోతే ఎంచుకునేటప్పుడు తెరవైపు కాకుండా మాటవైపు చెవి పెట్టండి. ఎప్పుడు ఊపిరి వదలాలో చెబుతున్నారా? ఎవరు చేయకూడదో చెబుతున్నారా? కుర్చీతో, గోడతో ఎలా చేయాలో చూపిస్తున్నారా? ఆసనంలోంచి ఎలా బయటికి రావాలో చెబుతున్నారా? ఇవి చెప్పే మనిషి వీడియో నిదానంగా, కొంచెం విసుగ్గా ఉంటుంది. అదే పెట్టుకోండి. ఖరీదైన మ్యాట్, బిగుతు బట్టలు లేవని ఆగకండి. జంపఖానా చాలు, నున్నటి టైల్స్ మీద అది జారుతుంది కాబట్టి నిలబడి చేసేవి మాత్రం ఉత్త నేల మీద ఉత్తకాళ్లతో చేయండి.

రీళ్లలో దాదాపు కనపడని ఆసనం శవాసనం. హఠయోగ ప్రదీపిక చెప్పిన 15 ఆసనాల్లో అదీ ఒకటి. పది నిమిషాలు కదలకుండా పడుకున్న మనిషిని ఎవరు చూస్తారు? మీరు మాత్రం వదలకండి. వెల్లకిలా పడుకుని, నడుము పట్టేస్తే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. అరచేతులు పైకి, కాళ్లు ఎడంగా, కళ్లు మూసుకుని ఊపిరిని దాని దారిన పోనివ్వండి. అయ్యాక గబుక్కున లేవొద్దు. కుడివైపు తిరిగి నాలుగు శ్వాసలు ఆగి, ఎడమ చెయ్యి నేలకి ఆనించి నెమ్మదిగా లేవండి, తల అన్నిటికన్నా చివర.