నాలుగు రివర్సులు, ఒక ఫార్వర్డు

మా 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో సెకండ్ గేరు నిలబడేది కాదు. వేస్తే పడేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే, అలిగిన చుట్టంలా చెప్పాపెట్టకుండా లేచొచ్చేసేది. కారు మొత్తం విప్పి రంగులేయించి, సీట్లు కుట్టించి, చివరికి ఈ గేరు దగ్గర ఇరుక్కుపోయాను.

“దానికేముంది బావా, ఫోక్స్‌వ్యాగన్ వ్యాను గేర్‌బాక్సు వేసేద్దాం” అన్నాడు మా బావమరిది. “బీటిలూ వ్యానూ ఒక తల్లి పిల్లలే. బట్టలే వేరు.”

మాటలో అబద్ధం లేదు. 1967 దాకా వచ్చిన ఆ వ్యాను గేర్‌బాక్సునీ, బీటిల్‌దాన్నీ పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టమే. గేర్లూ, తిప్పుడును రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియలూ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. వ్యాను ఇరుసులు తీసి బీటిల్‌వి తొడగాలి, ముందు మూతి మార్చాలి. అంతే అనుకున్నాం.

ఎలాగూ విప్పాం కదా అని డిఫరెన్షియల్‌ని కూడా బయటికి లాగి కడిగాను. దానికుండే పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్ వీల్, ఏ వైపు ఉందో అటే మళ్లీ వెళ్లాలని సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాను. నా జీవితంలో నేను అంత జాగ్రత్తగా చేసిన పని మరొకటి లేదు. కొంప ముంచింది అదే.

బిగించాక జాకీ మీదే స్టార్ట్ చేసి చూశాం. చక్రాలు భేషుగ్గా తిరుగుతున్నాయి. తిరుగుతున్నాయా అని చూశాం గానీ, ఎటు తిరుగుతున్నాయో ఇద్దరం చూడలేదు.

కారు ముక్కు షెడ్డు లోపలికి ఉంది కాబట్టి రివర్స్‌లో బయటికి రావాలి. బీటిల్‌లో రివర్స్ పడాలంటే రాడ్డును కిందికి నొక్కి, ఎడమకు జరిపి, వెనక్కి లాగాలి. అన్నీ శాస్త్రోక్తంగా చేసి, మెడ వెనక్కి తిప్పి క్లచ్ వదిలాను. కారు ముందుకు దూకి గోడ అలమరను కుమ్మింది. పెయింటు డబ్బాలు బానెట్ మీద దొర్లాయి.

గేరు తప్పు పడిందేమోనని ఫస్ట్ వేశాను. కారు వినయంగా వెనక్కి నడిచి బయటికొచ్చింది. సెకండ్ వేశాను, వెనక్కే. థర్డ్, ఫోర్తూ అంతే. స్పీడోమీటర్ ముల్లు మాత్రం సున్నా దగ్గర తల దించుకుని కూర్చుంది.

“గేర్‌బాక్సు బ్రహ్మాండంగా ఉంది బావా. సెకండ్ ఎంత గట్టిగా నిలబడిందో చూశావా?” అన్నాడు బావమరిది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ కాలం వ్యాన్లకు వెనక చక్రాల దగ్గర రిడక్షన్ గేర్లని విడిగా చిన్న పెట్టెలుంటాయి. బండి ఎత్తు పెరగడానికీ, బరువు లాగడానికీ అవి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన జీపులాంటి బండి క్యూబెల్‌వ్యాగన్ నుంచి వచ్చిన వారసత్వం. ఇరుసు తిరిగే దిశను ఆ గేర్లు తిప్పేస్తాయి. అందుకని ఆ తిరకాసుకు విరుగుడుగా వ్యాను గేర్‌బాక్సులో క్రౌన్ వీల్‌ని ముందే రెండోవైపు పెట్టారు. మేం పెట్టెల్ని వ్యానుకే వదిలేసి, తిరకాసును మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. దాని మీద సుద్దతో గుర్తు కూడా పెట్టుకున్నాం.

మళ్లీ విప్పడానికి తీరిక దొరికేసరికి రెండు వారాలు పట్టింది. ఈలోపు షెడ్డులోకి, బయటికి కారును అలాగే తిప్పాం. లోపలికి వెళ్లాలంటే రివర్స్. ఆ గేరుకు ఏటవాలుగా కాక తిన్నగా ఉండే పళ్లు కదా, ఒకటే ఈల. మా ఆవిడ ఒకసారి ఎక్కి, తిన్నగా వెనక సీటుకు పోయి, వెనకద్దం వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుంది. “రోడ్డు ఇటే కదా” అంది. “బీటిల్‌కి వెనకుండే ఇంజన్ కూడా అన్ని కార్లకీ ఉన్నట్టు ముందుకొచ్చింది అక్కా” అని ఆమె తమ్ముడు వంత పాడాడు.

చివరికి ఇంజన్ దించి, గేర్‌బాక్సు విప్పి, క్రౌన్ వీల్‌ని రెండోవైపుకు తిప్పాం. షిమ్‌లనే పలచటి రేకులు మార్చి, పళ్ల మధ్య సందు కొలిచి సరిచేయడానికే ఒక ఆదివారం పోయింది. ఈసారి జాకీ మీద చక్రాలు ఎటు తిరుగుతున్నాయో ఇద్దరం చెరోవైపు కూర్చుని చూశాం. ముందుకే.

అలమర మళ్లీ బిగించి, డబ్బాలు సర్ది, కారెక్కాను. షెడ్డులోంచి బయటికి తీయాలి. రెండు వారాల అలవాటు కదా, చెయ్యి దానంతటదే ఫస్ట్ వేసింది. మెడ వెనక్కి తిప్పి క్లచ్ వదిలాను.

పచ్చరంగు డబ్బాకు మూత సరిగ్గా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.